పచ్చబొట్టు చేసిన నేరమేమి?

గత సంవత్సరము ఒకనాడు మా తొమ్మిదవ తరగతిలో వార్తాపత్రిక చదివించుచుంటిమి. జపాను దేశములోని వేడినీటి స్నానశాలలు పెక్కింటిలోనికి ఒంటిమీద పచ్చబొట్టు గలవారిని రానీయరని ఒక బాలుడు చదివెను. వెంటనే వెనుక వరుసలోని ఒక బాలిక లేచి, "అయ్యా, మా అవ్వకు రెండు చేతులనిండా పచ్చబొట్లే గదా! ఆమె పోతే గూడా రానీయరా?" అని అడిగెను. తరగతి గొల్లుమన్నది. "మీ అవ్వ జపానుకు పోతుందా?" అని ఒకడు, "మీ అవ్వ రౌడీనా ఏమి?" అని మరియొకడు. ఆ బాలిక తల వంచుకొని కూర్చున్నది. గంట మ్రోగుచున్నందున మేము "రానీయకపోవచ్చునమ్మా" అని మాత్రము చెప్పి వచ్చితిమి.

ఆ సమాధానము అబద్ధము కాదు. కాని ఒక పసిమనసు తన అవ్వ చేతులనుగూర్చి అడిగినప్పుడు అంతమాత్రము చెప్పి ఊరకుండుట ఉపాధ్యాయునకు తగినది కాదని మాకు తరువాత తోచినది. కావున ఆనాడు చెప్పవలసినదానిని ఈ పత్రికా ముఖమున చెప్పుచున్నాము. ఇది విద్యార్థులకే కాక, వారి తల్లిదండ్రులకును పనికివచ్చునని తలంచుచున్నాము.

జపాను అగ్నిపర్వతముల దేశము. భూమినుండి వేడినీటి ఊటలు పుట్టు తావులు అచ్చట వేలకొలది కలవు. వీనిని 'ఒన్సెన్' అందురు. పట్టణములలో వాడవాడల ఉండు మామూలు స్నానశాలలకు 'సెంతో' అని పేరు. జపానువారికి స్నానము మురికి వదలించుకొనుట మాత్రమే కాదు. అలసట తీర్చుకొనుట, ఇరుగుపొరుగులతో మాటలాడుట, పెద్దలు పిన్నలు ఒకచోట చేరుట. తొట్టి వెలుపల పీటమీద కూర్చుండి ఒళ్లు శుభ్రముగా కడుగుకొనిన తరువాతనే అందరును ఒకే తొట్టిలోనికి దిగుదురు. పురుషులకు వేరుగా, స్త్రీలకు వేరుగా తావులుండును. ఒంటిమీద బట్ట ఉండరాదు. ధనికుడెవడో పేద ఎవడో బట్టలనుబట్టి తెలిసికొనుటకు అచ్చట వీలు లేదు. అట్టి సమతగల చోట మనిషిని మనిషినుండి వేరుచేసి చూపునది చర్మముమీది గుర్తు ఒక్కటే.

ఆ గుర్తునుగూర్చియే ద్వారముకడ బోర్డు కట్టబడియుండును: పచ్చబొట్టు గలవారికి ప్రవేశము లేదు. 2015లో జపాను ప్రభుత్వ పర్యాటక శాఖవారు ఈ విషయమై విచారింపగా, సుమారు 600 స్నానశాలలు, వసతిగృహములు సమాధానమిచ్చినవి. వానిలో నూటికి 56 పచ్చబొట్టు గలవారిని రానీయమనియు, 31 అట్టి కట్టుబాటేమియు లేదనియు, 13 గుర్తును కప్పుకొనివచ్చినచో రానిత్తుమనియు చెప్పినవి. వింత యేమనగా, ఇది దేశపు చట్టము కాదు. పచ్చబొట్టు ఉన్నంతమాత్రమున ఎవరును స్నానశాలల చట్టము నిషేధించువారి కోవలోనికి రారని 2017లో ప్రభుత్వమే పార్లమెంటునకు తెలిపినది. కావున ఇది యజమానులు తామై పెట్టుకొనిన నియమము. దాని వెనుక సంఘము పెట్టుకొనిన భయము. ఆ భయమెట్లు పుట్టినదో తెలిసికొననిదే దానిని మెచ్చుటగాని తెగడుటగాని తగదు.

చైనావారి ప్రాచీన చరిత్రగ్రంథమొకటి మూడవ శతాబ్దమునాటి జపాను ప్రజలను వర్ణించుచు, అచ్చటి పురుషులు పెద్దలు పిన్నలు అందరును ముఖములమీదను దేహములమీదను పచ్చబొట్లు పొడిపించుకొందురని వ్రాసినది. నీటమునిగి చేపలు పట్టువారు పెద్దచేపల బాధ తొలగుటకై మొదట వానిని ధరించిరట. రానురాను అవి అలంకారములైనవట. చూడుడు, తొలినాటి మాటలో సిగ్గను ప్రసక్తియే లేదు. సిగ్గు తరువాత వచ్చినది. అదియు ప్రభువుల చేతిమీదుగా వచ్చినది. 720లో పూర్తియైన 'నిహొన్ షోకి' అను రాజచరిత్రలో, తిరుగుబాటు చేసిన యొకనికి మరణదండనకు మారుగా కంటిదగ్గర పచ్చబొట్టు పొడిపించిన కథ కలదు. దాదాపు వేయి సంవత్సరముల తరువాత, 1720లో, షోగను తోకుగావ యొషిమునె ప్రభుత్వము ముక్కుచెవులు కోయు క్రూరశిక్షకు బదులుగా పచ్చబొట్టును శిక్షగా ఏర్పరచెను. దొంగల చేతులచుట్టు గీతలు పొడిచెడివారు. ఒక సీమలో తప్పునకొక గీత చొప్పున నొసట చేర్చుచు, మూడవ తప్పునాటికి కుక్క అను అర్థముగల అక్షరమును పూర్తిచేసెడివారని చెప్పుదురు. చెరసాలనుండి విడివడినను ఆ గుర్తునుండి విడివడుట లేదు. అట్టి శిక్షగుర్తులను కప్పిపుచ్చుకొనుటకై వానిపై పెద్ద బొమ్మలు పొడిపించుకొనినవారును ఉండిరి.

పాలకులు నిందకై వాడిన సూదినే సామాన్యజనులు అందమునకై వాడిరి. నేడు తోక్యోయని పిలువబడు నాటి ఎదో నగరములో ఇండ్లు కొయ్యతోను కాగితముతోను కట్టినవి. నిప్పంటుకొనినచో వీథులకు వీథులే భస్మమయ్యెడివి. మంటల నార్పు దళములవారు ప్రాణములకు తెగించి పనిచేయుచు, నీటికి అధిదేవతయని నమ్మిన మహాసర్పము బొమ్మను వీపులమీద పొడిపించుకొనెడివారు. 1827 ప్రాంతమున ఉతగావ కునియోషి అను చిత్రకారుడు, చైనా కథలోని 108 మంది వీరులను చెక్కముద్రల బొమ్మలుగా వేయుచు, పెక్కుమంది దేహములను పూలతోను పులులతోను నింపెను. ఆ బొమ్మలు ఊరూర అమ్ముడుపోయినవి. పల్లకీ మోయువారు, ఉత్తరములు మోసికొని పరుగెత్తువారు, వడ్రంగులు ఆ వీరుల రూపములను తమ చర్మముమీదికి ఎక్కించుకొనిరి. పట్టుబట్టలు కట్టరాదని ఆంక్షలున్న కాలములో పేదవాడు తన ఒంటినే పట్టుబట్టగా చేసికొనెనని కొందరు చమత్కరింతురు. ప్రభుత్వము 1811లోను 1842లోను దీనిని నిషేధించినను జనులు మానలేదు.

ఇక 1868 తరువాత జపాను కొత్త రూపు దాల్చినది. పాశ్చాత్య రాజ్యములు తమ్ము అనాగరికులని తలంతురేమో యను జంకు పాలకులను పట్టుకొన్నది. 1872లో పచ్చబొట్టు పొడుచుటయు పొడిపించుకొనుటయు నేరములైనవి. ఇందులోని విపరీతమును గమనింపుడు. ఏ పాశ్చాత్యుల కన్నులకు జడిసి ఈ ఆజ్ఞ వెలువడినదో, ఆ పాశ్చాత్యులు ఓడలు దిగుటతోడనే జపాను పనివాండ్రను వెదకికొనుచు పోయిరి. 1881లో నౌకాయాత్రలో జపానునకు వచ్చిన ఆంగ్లరాజకుమారులిద్దరు చేతులమీద పచ్చబొట్లు పొడిపించుకొనిరి. వారిలో చిన్నవాడే తరువాత ఐదవ జార్జి చక్రవర్తియై, 1911లో ఢిల్లీ దర్బారులో మన దేశపు రాజుల మ్రొక్కులందుకొన్నవాడు. రష్యా యువరాజు నికొలాసు కూడ 1891లో నాగసాకిలో అట్లే చేయించుకొనెను. రాజకుమారుని చేతిమీద అది ముచ్చట. వడ్రంగి చేతిమీద అదే నేరము! గుర్తు ఒక్కటే, చూచిన కన్ను వేరు.

ఈ నిషేధము 1948 దాక, అనగా డెబ్బదియారు సంవత్సరములు నిలిచెను. అంతకాలము చాటుమాటున బ్రతికిన కళ వెలుగులోనికి వచ్చునప్పటికి, ప్రజల కన్నులలో అది యాకుజా అను దుండగుల ముఠాల సొత్తుగా నిలిచినది. ఆ ముఠాలవారు సూదుల నొప్పిని ఓర్చుకొనుట మగటిమికి పరీక్షగా భావించి వీపు, భుజములు, తొడలు నిండ బొమ్మలు పొడిపించుకొనెడివారు. 1960 దశాబ్దమున వెలువడిన చలనచిత్రములలో అంగీ జార్చి భుజముమీది బొమ్మను చూపుట ముఠావీరుని ముద్రయైనది. పోలీసుల లెక్కప్రకారము 1963లో ముఠాలవారు సుమారు 1,84,000 మంది. స్నానశాలలో అట్టివాడొకడు నోరు మెదపక వీపు చూపి కూర్చున్నను చాలును. తక్కినవారు పిల్లలను చంకనెత్తుకొని లేచిపోయెడివారు.

ఇచ్చట యజమాని పక్షమునను ఆలోచించుట ధర్మము. "నీవు ముఠావాడవా?" అని ద్వారముకడ ఎవరిని అడుగగలడు? అడిగినచో కయ్యము, అడుగకున్నచో గిరాకి నష్టము. "పచ్చబొట్టున్నవారు రారాదు" అని వ్రాసిపెట్టుటలో ఎవరినీ పేరెత్తి అనినట్లు కాదు, పని మాత్రము నెరవేరును. ఇది జపానువారి మర్యాదకు తగిన ఉపాయమే. కన్నవారిచ్చిన దేహమునకు గాటు పెట్టరాదను పూర్వాచార భావమొకటి దీనికి తోడుపడినది. కావున ఆ బోర్డు వ్రాసినవాడు దుర్మార్గుడని మేమనము. భయపడినవాడు తలుపు వేసికొనుట సహజము.

కాని భయమునకు కారణము తగ్గిన తరువాతను తలుపు మూసియే యుండుటను మేము మెచ్చజాలము. 1992లో అమలునకు వచ్చిన చట్టమువలనను, తరువాతి కట్టుబాట్లవలనను ముఠాలు క్షీణించినవి. 2023 చివర వారి సంఖ్య సుమారు 20,400. అనగా అరువది యేండ్లనాటి సంఖ్యలో తొమ్మిదవ వంతు. ఐనను 2014లో న్యాయవాదుల సంఘమొకటి వేయిమందిని ప్రశ్నించినప్పుడు, పచ్చబొట్టు అనగానే సగముకంటె ఎక్కువమందికి దుండగులే తలపునకు వచ్చిరి. పచ్చబొట్టు గలవారు ఆ వేయిమందిలో నూటికి ఇద్దరైనను లేరు. ఎన్నడును దగ్గరగా చూడనిదానినిగూర్చియే మనిషికి భయము మెండు.

ఈ చూపు స్నానశాలతో ఆగలేదు. 2012లో ఒసాకా నగరపాలకులు తమ ఉద్యోగులు ముప్పదివేలమందికి పైగా పత్రములు పంచి, ఒంటిమీద ఎచ్చట పచ్చబొట్టున్నదో వ్రాసి ఇమ్మనిరి. ఉన్నదని చెప్పినవారు వందకు పైబడిరి. చెప్పమని భీష్మించిన కొందరు దండనకు గురియై న్యాయస్థానములకెక్కిరి. 2015లో ఒసాకాలోనే ఒక యువకళాకారునిపై, వైద్యుడు కాకయే సూది వాడితివని కేసు పెట్టిరి. క్రింది న్యాయస్థానము 2017లో జరిమానా విధింపగా, ఆతడు వెనుదీయక పోరాడెను. 2018లో పై న్యాయస్థానము నిర్దోషియనెను. 2020 సెప్టెంబరులో దేశపు అత్యున్నత న్యాయస్థానము దానిని స్థిరపరచి, పచ్చబొట్టు పొడుచుట వైద్యవృత్తి కాదని తేల్చెను. అదే సంవత్సరము డిసెంబరు 31న ఇఒకా కజుతొ అను ప్రపంచస్థాయి ముష్టియోధుడు గెలిచిన పోటీలో ఆతని చేతి పచ్చబొట్టు మీద పూసిన రంగు చెదరి కనబడినందున, క్రీడాసంఘమువారు ఆతనిని గట్టిగా మందలించిరి. పోటీలో గెలిచినది చెయ్యి. మందలింపు పొందినదియు ఆ చెయ్యియే.

ఇంతవరకు చెప్పినది పెద్ద పట్టణములలోని పురుషుల కథ. ఆ బాలిక అడిగినది అవ్వ సంగతి. అవ్వల కథ జపాను ఉత్తరమునను దక్షిణమునను ఉన్నది. మనవంటివారు ముఖ్యముగా తెలిసికొనవలసినది అదియే.

ఉత్తరమున హొక్కైదో ద్వీపములో ఐనూ అను ఆదిమజాతి కలదు. వారి భాష వేరు, దేవతలు వేరు. ఐనూ బాలికలకు చిన్ననాటినుండియే పెదవులచుట్టును ముంజేతులమీదను కొద్దికొద్దిగా గుర్తులు వేయుచు, పెండ్లియీడునాటికి పూర్తిచేసెడివారు. భూర్జవృక్షపు బెరడు కాల్చిన మసిని సన్నని గాటులలో రుద్దెడివారు. వేయువారును స్త్రీలే. ఆ గుర్తు లేనిదే పెండ్లి కాదనియు, చనిపోయిన తరువాత పూర్వులను చేరుట దుర్లభమనియు వారి నమ్మిక. 1871లో ఆ ద్వీపమునకు వచ్చిన కొత్త అధికారులు దీనిని అనాగరికమని నిషేధించిరి. దక్షిణమున ఒకినావా దీవులు మొదట ర్యూక్యూ అను వేరు రాజ్యము. 1879లో జపానులో జిల్లాగా కలుపబడినవి. అచ్చటి స్త్రీలు చేతుల వెలుపలివైపున, వ్రేళ్లమీద 'హాజిచి' అను నీలిగుర్తులు పొడిపించుకొనెడివారు. అవి ఆడది ఈడేరినదనుటకు గుర్తులు, అందమునకు గుర్తులు, పరలోకమునకు దారిబత్తెము. 1899లో వానిని నిషేధించిరి. నిన్నటివరకు పదిమంది మెచ్చిన చేతులను ఆ తల్లులు చేతిగుడ్డల చాటునను, అంగీచేతుల లోపలను దాచుకొనవలసివచ్చినది. పొట్టకూటికై హవాయి దీవులకు వలసపోయిన ఒకినావా స్త్రీల చేతులను చూచి తక్కిన జపానువారే నవ్విరట.

విద్యార్థులారా, అదే ఒకినావాలో ఆ చేతుల తరువాత నాలుకల వంతు వచ్చినది. ఇరువదవ శతాబ్దపు ఆరంభమునుండి అచ్చటి బడులలో, ఇంటిభాష మాటలాడి పట్టుబడిన బాలుని మెడలో ఒక చెక్కపలకను వ్రేలాడదీసెడివారు. ఆ పలకను మరియొక బాలుడు ఇంటిమాట పలికి పట్టుబడువరకు వాడు మోయవలెను. కావున మెడలో పలక గలవాడు తోడివాని నోటినుండి తల్లిభాష ఎప్పుడు జారునాయని కాచుకొనియుండెడివాడు. చేతిమీది గుర్తును దాచుకొమ్మనినవారును, నోటిలోని మాటను దాచుకొమ్మనినవారును ఒకే బుద్ధిగలవారు. మా ఉపాధ్యాయశిక్షణము పొరుగు రాష్ట్రములో జరిగినది. అచ్చట సహాధ్యాయులు మా తెలుగులోని తమిళ కన్నడ మాటలనెత్తి నవ్వుచుండగా, కొన్నాళ్లు మేము నోరు విప్పుటకు జంకితిమి. మాకెవరును పలక కట్టలేదు. ఐనను కట్టినట్లే యుండెను. అందుచేతనే ఈ కథ మా మనసునకు ఇంతగా తగిలినది.

2013 సెప్టెంబరులో జరిగిన సంగతి చెప్పిన పిమ్మట మా అభిప్రాయము చెప్పెదము. న్యూజిలాండు దేశపు ఆదిమజాతియైన మావోరిలకు చెందిన ఒక స్త్రీ, ఆదిమజాతుల భాషలనుగూర్చిన సమావేశమునకై హొక్కైదోకు వచ్చెను. ఆమె తన జాతి భాషను బోధించునది. మావోరి స్త్రీలకు గడ్డముమీది పచ్చబొట్టు వంశమును చెప్పు గౌరవచిహ్నము. సమావేశమునకు వచ్చినవారు ఒక వేడినీటి స్నానశాలకు పోగా, ద్వారముకడ ఆమెను ఆపిరి. జపానువారి నియమములో ఆమె గడ్డముమీది గుర్తునకు వేరే అర్థము లేదు. పచ్చబొట్టు అనగా పచ్చబొట్టే. ఏ ద్వీపములో నూటనలువది యేండ్ల క్రిందట ఐనూ స్త్రీల ముఖముమీది గుర్తులు నేరములైనవో, ఆ ద్వీపముననే, చచ్చిపోవుచున్న భాషలను బ్రతికించుటకై వచ్చిన అతిథికి ఈ గతి పట్టినది. ఈ వార్త దేశమంతట వ్యాపించి, ప్రభుత్వ ప్రతినిధియే ఇతర దేశముల సంస్కృతులను గౌరవించుట ముఖ్యమని చెప్పవలసివచ్చెను.

మా అభిప్రాయమిది. స్నానశాలలో నియమముండవలెను, కాని అది నడవడినిగూర్చిన నియమమై యుండవలెను. పదిమందిని బెదిరించువానిని, బూతులాడువానిని, త్రాగివచ్చినవానిని వెళ్లగొట్టుడు; వాని వీపు నున్నగా ఉన్నను వెళ్లగొట్టుడు. మర్యాదగా వచ్చి, ఒళ్లు కడుగుకొని, తొట్టిలో ఒక మూల కూర్చుండువానిని వాని చర్మము చూచి ఆపకుడు. చర్మము సాక్ష్యము చెప్పదు. శిక్షగా పొడిచిన గీతయు, మంటలనార్పువాడు ధరించిన సర్పమును, అవ్వ చేతి హాజిచియు ఒకే నియమమునకు లోబడినప్పుడు, ఆ నియమము గ్రుడ్డిదని వేరుగా చెప్పనక్కరలేదు.

కొందరు చర్మమురంగు అంటుపట్టీతో గుర్తును కప్పుకొని రమ్మందురు. 2016లో పర్యాటక శాఖవారు స్నానశాలల యజమానులకు సూచించిన ఉపాయములలో ఇదియొకటి. 2019లో జపానులో జరిగిన ప్రపంచ రగ్బీ పోటీలకు వచ్చు ఆటగాండ్రకును కొలనులలోను వ్యాయామశాలలలోను పచ్చబొట్లు కప్పుకొనుడని నిర్వాహకులు ముందుగానే చెప్పిరి. అతిథి ఆతిథేయుని ఇంటి మర్యాదను పాటించుట మంచిదే; తలుపు పూర్తిగా మూయుటకంటె ఓరగా తెరచుట మేలే. కాని ఇదియే తుదిమాట అనుకొనరాదు. అరచేతియంత బొమ్మకు పట్టీ వేయవచ్చును. ముఖముమీది వంశచిహ్నమునకు పట్టీ యెట్లు వేయుట? అంతేకాక, దాచుకొనిన పిదప రానిచ్చుట గౌరవము కాదు, ఓర్పు మాత్రమే.

ఒక ఆజ్ఞ పుట్టించిన సిగ్గు ఆ ఆజ్ఞ రద్దగుటతోనే పోదు. 1948లో నిషేధము పోయినది, చూపు పోలేదు. సిగ్గును నేర్పినది ప్రభుత్వమును బడియు గనుక, దానిని మాన్పవలసినవియు అవియే. ఆ పని కొంత మొదలైనదనుట సంతోషకరము. 2019లో జపాను పార్లమెంటు ఐనూలను ఆదిమజాతిగా చట్టమున అంగీకరించెను. అదే సంవత్సరము ఒకినావాలోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో హాజిచి గుర్తులనుగూర్చి ప్రదర్శన జరిగినది. ఒకప్పుడు చేతిగుడ్డ చాటున దాగిన చేతుల బొమ్మలను మనుమరాండ్రు వెలుగులో చూడగలిగిరి. కాని చేతులు గల అవ్వలు అప్పటికే కాలము చేసిరి. ఆలస్యమునకు అంతటి మూల్యము!

ఇక మన సంగతి. మా హోసూరు సీమలో దీనిని తెలుగువారు పచ్చబొట్టనియు, తమిళులు పచ్చై కుత్తనియు, కన్నడిగులు హచ్చె యనియు అందురు. మూడు భాషల అవ్వల చేతులమీదను అవే చుక్కలు, అవే ముగ్గులు, అదే తులసికోట, అదే తేలు. నగలు వెంటరావు, పచ్చబొట్టొక్కటే వెంటవచ్చునని మన ముసలమ్మలందురు. ఐనూ అవ్వయు, ఒకినావా అవ్వయు అనుకొనినదియు ఇంచుమించుగా ఆ మాటయే గదా! సముద్రములు దాటి ఎన్నడును ఎరుగని ఈ స్త్రీలు ఒకే నమ్మికతో సూదిపోటు నోర్చుకొనిరి. మా సీమలో దీనిని ఎవరును నేరమనినట్లు మేమెరుగము. ఐనను పాఠశాలలో తరగతి నవ్వుటకు నేరము కానక్కరలేదు.

అపార్థము కలుగకుండుటకై ఒక మాట. మేము పిల్లలను పచ్చబొట్లు పొడిపించుకొమ్మని ప్రోత్సహించుట లేదు. పండుగ సంతలలోను బజారులలోను శుభ్రము చేయని సూదులతో పొడుచుటవలన రక్తమునకు సంబంధించిన వ్యాధులు అంటవచ్చును. నేడు ముచ్చటైన బొమ్మ పదేండ్ల తరువాత వెగటుకావచ్చును. దానిని తొలగించుట నొప్పితోను ఖర్చుతోను కూడిన పని. కొన్ని ఉద్యోగములకు అది అడ్డుకూడ. కావున పెద్దవారై మీ బుద్ధితో మీరు నిర్ణయించుకొనువరకు దాని జోలికి పోకుడు. మీ ఒంటిమీద లేకుండుట వేరు. ఉన్నవారిని చూచి నవ్వుట వేరు. మొదటిది జాగ్రత్త, రెండవది అజ్ఞానము.

ఆ బాలిక రెండుదినముల తరువాత మా వద్దకు వచ్చి, అవ్వను అడిగితినని చెప్పినది. పదేండ్ల వయసున కుప్పము సంతలో ఊరూర తిరుగు ఒక స్త్రీచేత పొడిపించిరట. ఇద్దరు పట్టుకొనినను పెనుగులాడి ఏడ్చినదట. కూలి శేరు రాగులట. ఎడమ చేతిమీది తేలునకు ఒక కాలు తక్కువట. ఏమనగా, అది పొడుచునప్పటికి ఈమె చెయ్యి లాగికొని పరుగెత్తినదట! ఆ ముచ్చటను తరగతిలో చెప్పించితిమి. నవ్వు వచ్చినమాట నిజమే. కాని ఈసారి ఆ బాలికయు నవ్వినది. వెనుకనుండి ఇద్దరు, "మా అవ్వకూ ఉండాది" అనిరి. మొన్నటిదినము వారు ఆ మాట ఏల అనలేదో మేము అడుగలేదు.

తల్లిదండ్రులకు మా మనవి: పాఠశాల వార్షికోత్సవమునకు ముసలివారిని ఇంట విడిచి రాకుడు, పైట లాగి వారి చేతులను కప్పకుడు. విద్యార్థులకు మా మాట: మీ ఇంటనో ఇరుగుపొరుగుననో పచ్చబొట్టున్న పెద్దలయొద్ద కూర్చుండి, అది ఎవరు పొడిచిరో, ఎచ్చట పొడిచిరో, దానికేమి పేరో, పొడుచునప్పుడు ఏమి పాట పాడిరో అడిగి, వారి నోటిమాటలోనే తెలుగున వ్రాసి తెండు. బొమ్మను గీసి తెండు. వచ్చు సంచికలో అచ్చువేయింతుము. ఒకినావావారు ప్రదర్శనశాల తెరచునప్పటికి అడుగుటకు అవ్వలు లేకపోయిరి. మనకింకను ఉన్నారు.

అమ్మా, నీవు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు పూర్తిగా సమాధానము చెప్పుచున్నాము. మీ అవ్వ జపానునకు పోయినచో, పెక్కు స్నానశాలల ద్వారములకడ ఆమెను ఆపవచ్చును, కొన్నింట కప్పుకొనిరమ్మనవచ్చును, కొన్నింట నమస్కరించి లోనికి పిలువవచ్చును. ఆపినచో ఆ తప్పు బోర్డుది, దానిని వ్రాయించిన భయముది. మీ అవ్వ చేతులది కాదు.